ఒక్క అక్షరం తప్పు చదవలేదు

మా చిన్నోడు ఆ రాత్రి ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పలికాడు. వాడు చదివింది విని మా అత్తయ్య తెల్లవార్లూ తులసికోట దగ్గర కూర్చుని ఏడ్చింది. 2021 మే నెలలో జరిగింది ఇది. ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పుకోలేదు. పిల్లలకి చదవడం నేర్పే ఉద్యోగం చేస్తూ ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మేముండేది బందరులో. నా పుట్టిల్లు గుడివాడ. ఉద్యోగం దివిసీమలో, నాగాయలంక దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ టీచర్ని. పొద్దున్నే చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వెళ్లే బస్సు ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. మా ఆయన గుడివాడలో చేపల మేత అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తారు. ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునేది మా అత్తయ్యే. ఆవిడ దివిసీమ మనిషి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్లు. బడికి వెళ్లలేదు. సంతకం చెయ్యడం మాత్రం మా ఆయన నేర్పారు.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్లు మూసేసరికి మా వాడు రెండో తరగతి. బందరులోనే ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బళ్లో వేశాం. కొన్నాళ్లకి ఫోన్లో క్లాసులు మొదలయ్యాయి. మా ఆయన తన ఫోన్ ఇంట్లో వదిలేసి బటన్ ఫోన్ పట్టుకుని గుడివాడ వెళ్లేవారు. తెర మీద నలభై చిన్న మొహాలు, అందులో మా వాడిదొకటి. మైకు కట్టేసి ఉండేది. వాడు చదువుతున్నాడో లేదో ఎవరికీ తెలిసే దారి లేదు.

ఆ టైములోనే మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ రీడ్ అలాంగ్ అనే యాప్ గురించి పెట్టింది. గూగుల్ వాళ్లది. 2019లో బోలో అనే పేరుతో హిందీ, ఇంగ్లీషుల్లో మన దేశంలోనే మొదలుపెట్టారు. 2020 మేలో పేరు మార్చేసరికి అందులో తెలుగూ ఉంది. తెర మీద ఒక కథ వస్తుంది. పిల్లలు బయటికి చదవాలి. దియా అనే బొమ్మ పక్కన ఉండి వింటుంది. మాట తడబడితే పలికి చూపిస్తుంది. బాగా చదివితే నక్షత్రాలు ఇస్తుంది. కథలు ఒకసారి దింపుకుంటే తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. డేటా ఖర్చుకి భయపడే మాలాంటి ఇళ్లకి అది పెద్ద ఊరట.

మా వాడు ఆ నక్షత్రాల మీద పడ్డాడు. మొదట్లో ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాడు. రెండు నెలల్లో గడగడా చదవడం వచ్చింది. నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి 'అమ్మా, ఇవాళ ఇన్ని వచ్చాయి' అని ఫోన్ తెచ్చి చూపించేవాడు. ఆ తెరని ఫొటో తీసి నా స్టేటస్‌లో పెట్టుకున్నాను. మా వాడికి తెలుగు చదవడం వచ్చేసింది, ఇక దిగుల్లేదు అనుకున్నాను. యాప్ తన పని సరిగ్గానే చేసింది, వాడి గొంతు వింది. నక్షత్రాలు చూసి చదువొచ్చిందని అనుకున్నది నేను.

2021 ఫిబ్రవరి 1న ప్రాథమిక తరగతులు తెరిచారు. నెల తిరక్కుండానే మా వాడి బడి నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లాను. ఒక చిన్న తెలుగు పేరా, దాని కింద ఐదు ప్రశ్నలు ఉన్న కాగితం నా ముందు పెట్టారు. కరువొచ్చి ఎద్దుని అమ్ముకున్న ఒక రైతు గురించి ఆ పేరా. 'రైతు ఎద్దును ఎందుకు అమ్మాడు?' అని ప్రశ్న. 'రైతు దగ్గర ఒక ఎద్దు ఉంది' అని మా వాడి జవాబు. ఐదింటికీ అంతే. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడ కనపడితే ఆ వాక్యం ఎత్తి కింద దింపేశాడు. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. 'మీరూ టీచరే కదా మేడమ్, ఇంట్లో కాస్త చూసుకోవచ్చుగా' అంది వాళ్ల టీచర్. కోపంగా అనలేదు, మామూలుగానే అంది.

ఆ రాత్రి పిల్లాడి మీద చెయ్యి చేసుకున్నాను. ఆ పేరా పదిసార్లు చదివించాను. పదిసార్లూ తప్పు లేకుండా చదివాడు. 'ఎందుకమ్మాడు?' అని అడిగితే ప్రతిసారీ నా మొహంలోకి చూశాడు. వాడికి దొంగబుద్ధి లేదు, బద్ధకం లేదు. నేనేం అడుగుతున్నానో వాడికి నిజంగానే తెలియలేదు. చదవడం అంటే తప్పు లేకుండా పలకడమని వాడికి రెండు నెలల పాటు రోజూ చెప్పింది నేనే కదా.

తెలుగు లిపితో ఒక చిక్కుంది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, పిల్లలు దేన్నయినా బయటికి చదివేస్తారు. 'ప్రత్యామ్నాయం', 'అప్రమత్తం' అని అవలీలగా చదువుతారు. ఇంగ్లీషులో తెలియని మాట దగ్గర చాలాసార్లు నాలుక తడబడుతుంది. తడబడిందంటే ఆ మాట రాదని మనకి తెలిసిపోతుంది. తెలుగులో తడబడదు. అందుకే లోపం చెవికి దొరకదు. పదేళ్ల సర్వీసులో నేను ఎంతమంది పిల్లల దగ్గర ఇలాగే మోసపోయానో ఆ రాత్రి పడుకుని లెక్కపెట్టుకున్నాను.

ఏప్రిల్‌లో బళ్లు మళ్లీ మూశారు. మే మొదట్లో మా ఆయనకి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి మంచం మీంచి బాత్రూం దాకా నడిస్తే ఆయాసం. బెజవాడ తీసుకెళ్లాం. మంచం దొరకడానికి ఒక పూటంతా అంబులెన్సులోనే ఉన్నాం. దాని గురించి ఇంతకన్నా రాయలేను. ఆయన లోపల, నేను బయట. దూరపు చుట్టాల మేడ మీద గదిలో ఉండేదాన్ని. మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. పొద్దున ఆసుపత్రిలో కబురు తెలిసేసరికి బస్సులు అయిపోయేవి. వచ్చి పిల్లాణ్ణి చూసుకునే వీల్లేదు. బందరులో వాడూ, వాళ్ల నాయనమ్మా ఇద్దరే. పక్కింటివాళ్లు గేటు దగ్గర కూరగాయలు పెట్టి వెళ్లేవారు.

ఏడో రోజో ఎనిమిదో రోజో సాయంత్రం, నర్సమ్మ బయటికొచ్చి 'ఆక్సిజన్ తగ్గించామమ్మా, బాగానే తట్టుకుంటున్నారు' అంది. ఆ మాట విని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. వారం రోజుల్లో విన్న మొదటి మంచి మాట అది. ఇంటికి ఫోన్ చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను, కలవలేదు. ఫోన్లో చార్జింగు అయిపోవస్తోంది. గబగబా తెలుగులో మెసేజ్ పెట్టాను: 'నాన్నకు ఆక్సిజన్ తగ్గించారు. కంగారు పడకండి. రేపు మాట్లాడతాను.' ఫోన్ ఆగిపోయింది. చార్జరు గదిలో ఉంది. కర్ఫ్యూలో నడుచుకుంటూ గదికి చేరేసరికి ఆ వీధిలో కరెంటు లేదు. సరే, మంచి కబురే కదా పంపాను అని చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

తెల్లారి ఆరింటికి ఫోన్ చేస్తే మా అత్తయ్య ఎత్తింది. గొంతు రావడం లేదు. 'అమ్మాయ్, నిజం చెప్పు. అబ్బాయి ఉన్నాడా?' అంది.

తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది ఏం జరిగిందో. మెసేజ్ రాగానే మా వాడు గట్టిగా చదివాడు. యాప్‌లో చదివినట్టే, స్పష్టంగా. ఆవిడ 'తగ్గించారా? ఎందుకు తగ్గించారు?' అంది. వాడు మళ్లీ చదివాడు. 'డబ్బులు చాలలేదా? ఆక్సిజన్ అయిపోయిందా?' అంది. వాడు మూడోసారి చదివాడు. వాడికి చేతనైంది అదే. టీవీలో ఆ రోజుల్లో ఆక్సిజన్ తగ్గి చనిపోయినవాళ్ల వార్తలే. ఆవిడకి తెలిసిన అర్థం అదొక్కటే. 'కంగారు పడకండి' అన్న మాట అంతకన్నా భయపెట్టింది. ఉప్పెన ముందు కూడా ఊళ్లో పెద్దలు కంగారేం లేదన్నారట. తెల్లారేసరికి ఆవిడ తుమ్మచెట్టుని పట్టుకుని ఉంది. అమ్మ లేదు, చెల్లెలు లేదు. ఆ ఉప్పెనలో సర్కారు లెక్కలోనే 10 వేల మంది దాకా పోయారు. ఆవిడకి మాత్రం ఆ ఇద్దరే లెక్క.

మా వాడు ఫోన్ తీసుకున్నాడు. 'అమ్మా, నేను తప్పు చదివానా?' అన్నాడు.

'లేదు నాన్నా. ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు.'

'మరి నాయనమ్మ ఎందుకేడ్చింది?'

నేనేం చెప్పను? రాసిందాన్ని నేను. ఎదుటివాళ్లకి ఏం తెలుసో, ఏం తెలియదో చూసుకోకుండా, నర్సమ్మ మాట నర్సమ్మ మాటగానే పంపాను. 'నాన్న ఊపిరి బాగా తీసుకుంటున్నాడు, అందుకని గొట్టం గాలి తగ్గించారు' అని రాస్తే సరిపోయేది. ఆ ఒక్క మాట రాయకపోవడానికి తీరిక లేకపోవడం ఒక కారణం. చదివితే అర్థమైపోతుందిలే అన్న మా టీచర్ల అలవాటు రెండో కారణం.

మా ఆయన పదకొండో రోజున ఇంటికొచ్చారు. బతికి వచ్చారు. ఆ నెలలో ఎన్నో ఇళ్లకి ఆ మాట అనుకునే భాగ్యం దక్కలేదు.

ఆయన కోలుకునే రోజుల్లో మా అత్తయ్య ఒక పని మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. రాత్రి భోజనాలయ్యాక మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 'ఏదీ, ఆ ఫోన్లో కథ చదువు, వింటాను' అనేది. వాడు నక్షత్రాల కోసం వేగంగా చదవబోతే 'ఆగు. మేక ఎవరిది?' అనేది. బావిలో పడ్డ మేక కథ అది. వాడు ఆగి వెనక్కి వెళ్లి వెతికేవాడు. 'ముసలమ్మది.' 'బావికి గట్టు లేదా?' 'రాయలేదు నాయనమ్మా.' 'రాయకపోతే నీకేమనిపిస్తోంది?' వాడు కాసేపు ఆలోచించాడు. 'గట్టు ఉంటే మేక పడదు కదా.' 'అదీ సంగతి. తర్వాత ఏమైందో చదువు.'

నేను పక్క గదిలో మా ఆయనకి మాత్రలు లెక్కపెడుతూ ఆ మాటలు విన్నాను. శిక్షణ తరగతుల్లో మాకు ఎన్నో రోజులు కష్టపడి చెప్పిన విషయం అది. రాయనిదాన్ని రాసినదాన్లోంచి పట్టుకోవడం. ఆవిడ పరీక్ష పెట్టడం లేదు. నిజంగానే ఆవిడకి కథ తెలియదు, తెలుసుకోవాలని ఉంది. ఆవిడకి చదవడం రాదు కాబట్టి కథంతా వాడి చేతిలోనే ఉంది. వాడికి అర్థమైతేనే ఆవిడకి అర్థమవుతుంది. నా ప్రశ్నలకి జవాబు నాకు ముందే తెలుసని వాడికి తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ ఎందుకు అడుగుతోంది అమ్మ, తప్పు పట్టడానికే కదా అనుకుని బిగుసుకుపోయేవాడు.

చదివి అర్థం చేసుకోవడం గురించి 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న లెక్క చెప్పారు. అక్షరాల్ని మాటలుగా మార్చుకునే శక్తి ఒకటి, మాటల్ని విని అర్థం చేసుకునే శక్తి ఒకటి. వీటిని కూడకూడదు, గుణించాలి. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మా అత్తయ్యకి రెండోది నిండుగా ఉంది, మొదటిది లేదు. మా వాడికి మొదటిది వచ్చేసింది, రెండోది సన్నగా ఉంది. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే కథ ముందుకు నడిచేది.

నెల రోజుల్లో ఏమీ మారిపోలేదు. వాడికి విసుగొచ్చేది. 'నువ్వు మధ్యలో అడుగుతుంటే నక్షత్రాలు రావడం లేదు' అని అలిగేవాడు. అప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. ముందు దియాకి చదవాలి. తర్వాత ఫోన్ బోర్లా పెట్టేసి, చూడకుండా నాయనమ్మకి సొంత మాటల్లో చెప్పాలి. మొదటి కథ రెండు ముక్కల్లో అయిపోయింది. 'మేక పడింది. తీశారు.' శ్రావణమాసం వచ్చేసరికి అదే కథ చెప్పడానికి వాడికి పావుగంట పట్టింది. ముసలమ్మకి ఒక పేరు కూడా పెట్టాడు.

2021 ఆగస్టు 16న బళ్లు తెరిచారు. మా దివిసీమ బళ్లో పిల్లల్ని చూస్తే గుండె జారిపోయింది. రెండో తరగతిలో ఆగిన పిల్లలు నాలుగో తరగతి బెంచీల్లో కూర్చున్నారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చేసిన కొత్త పుస్తకాలు చేతికొచ్చాయి గానీ ఏ పక్కా చదవలేని పిల్లలున్నారు. 2022లో అసర్ సర్వే వాళ్లు ఊళ్లలో తిరిగి చూసినప్పుడు, మన రాష్ట్రంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు నూటికి 10.3 మందే తేలారు. 2018లో ఆ సంఖ్య 22.6. ఆ అంకె చాలామందికి నమ్మశక్యం కాలేదు. మాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పైగా ఆ పరీక్ష బయటికి చదవడానికే. అర్థమైందా అని కూడా అడిగి ఉంటే ఎంత తేలేదో అన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

మా పిల్లల ఇళ్లలో ఫోన్ నాన్నతోపాటు రొయ్యల చెరువు కాపలాకి పోతుంది. ఏటి ఒడ్డున సిగ్నలు ఉండదు. అందుకని నా ఫోన్లోనే కథలు దింపుకుని తీసుకెళ్లేదాన్ని. ఒక్క ఫోన్ చుట్టూ వంతులవారీగా ఆరుగురు. మిగతావాళ్లకి కథ కాగితం మీద రాసిచ్చేదాన్ని. ఇంటిపని ఒక్కటే: ఈ కథ ఇంట్లో చదవడం రానివాళ్లకి చదివి చెప్పాలి. వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి రేపు తీసుకురావాలి. మా బడి ఇళ్లలో చదవడం రాని నాయనమ్మలకి, అమ్మమ్మలకి కొదవ లేదు. ఆ ప్రశ్నలు చూస్తే నాకు ముచ్చటేసేది. 'పులి ఊళ్లోకి వస్తే కుక్కలు మొరగలేదా?' అని ఒక అమ్మమ్మ. 'ఆ రాజు పన్ను ఎంత తీసుకునేవాడు?' అని ఒక తాతయ్య.

బళ్లు తెరిచిన ఆ ఏడాది డిసెంబరులో గుడివాడ మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మాయి మూడో తరగతి. ట్యాబులో ఇంగ్లీషు పాఠం చదివి వినిపించింది, టీవీ యాంకర్‌లా. పాఠం పేరు హార్వెస్ట్. కిటికీలోంచి చూస్తే పొలంలో కోత మిషను తిరుగుతోంది. 'హార్వెస్ట్ అంటే ఏంటమ్మా?' అన్నాను. 'అది లెసన్ పేరు అత్తా' అంది. నేను దాన్ని తిట్టలేదు. చెయ్యి పట్టుకుని చేను గట్టు మీదికి తీసుకెళ్లాను.

మా బడి గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలారు. బ్యారేజీ కట్టాక ఎన్నడూ అంత నీరు రాలేదు. దివిసీమలో కరకట్టకి ఏటి వైపున ఉన్న ఇళ్లకి ఫోన్లలో హెచ్చరికలు వచ్చాయి. 'దిగువకు భారీగా వరద నీరు', 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా' అంటూ ఆఫీసు తెలుగులో. నా దగ్గర నాలుగో తరగతి చదివిన పాప అప్పటికి ఏడులోకి వచ్చింది. వాళ్ల నాయనమ్మ 'ఏమంటన్నారే?' అంటే, ఆ పాప మెసేజ్ బయటికి చదవనే లేదట. మనసులో చదువుకుని, 'నాయనమ్మా, పైన గేట్లన్నీ ఎత్తేశారు. రాత్రికి మన దాకా వచ్చేస్తాయి. గేదెల్ని ఇప్పుడే కట్ట మీదికి తోలేద్దాం' అందట. రాత్రికి అని ఆ మెసేజ్‌లో లేదు. గేదెల మాటా లేదు. తర్వాత వాళ్ల నాయనమ్మే బడికొచ్చి నాతో చెప్పింది. గేదెలు రెండూ దక్కాయి.

మా వాడిప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు. యాప్ ఎప్పుడో మానేశాడు. మెసేజ్‌లు నాయనమ్మకి చదివి వినిపించడు, చెబుతాడు.

ఈ ఏడాది నా తరగతిలో ఒక పిల్లాడున్నాడు. గడగడా చదువుతాడు, ఏమీ చెప్పలేడు. వాళ్ల అమ్మమ్మకి చెవులు వినపడవు. అమ్మానాన్నలు చెరువుల మీద ఉంటారు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బళ్లో వంట చేసే అక్క పక్కన కూర్చోబెడుతున్నాను. గిన్నెలు తోముతూ వింటుంది. నిన్న రెండు ప్రశ్నలు అడిగింది. ఒకదానికి చెప్పాడు.